మెరక మీద పొయ్యిగడ్డలు

ఆ రోజుల్లో ఆస్తి అంటే బీరువాలో పెట్టి తాళం వేసుకునేది కాదు. కనీసం మా మామయ్య కరణీకం చేసిన కొల్లేటి లంకలో కాదు. ఏలూరులో మా వీధిలో అరుగు చివర జానెడు జాగా కోసం అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కి, మెట్లు అరిగినా దిగని కాలం అది. అక్కడికి ఒక పూట పడవ ప్రయాణం దూరంలో ఉన్న ఆ లంకలో మాత్రం నేల ఏడాదిలో సగం రోజులు నీళ్ళ కింద ఉండేది. నీళ్ళ కింద నేలకి హద్దులేమిటి? ఎవరి చెక్కలో తిరుగుతున్నామో చేపలకే తెలియదు. ఇళ్ళు కూడా మనమెరిగిన ఇళ్ళు కావు. నాలుగు వెదురు గుంజలు, చుట్టూ తడికెలు, పైన కిక్కిస గడ్డి కప్పు. వేసవిలో నీరు తీశాక కొల్లేటి అడుగునే, పల్లంలో, చల్లగా వేసుకునేవారు. శ్రావణంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే, ఇంటికప్పును నలుగురూ పట్టి రెండు తాటిదోనెల మీద అడ్డంగా పెట్టుకుని ఊరి నడుమనున్న మెరక మీదికి చేర్చేవారు. (ఒకాయన నిద్ర లేవకుండానే ఇల్లు మారాడనీ, లేచి చూసుకుని తన పెరడు ఎవరో ఎత్తుకుపోయారని కేకలు పెట్టాడనీ మా అత్తయ్య చెప్పేది. నేను కళ్ళారా చూడలేదు గాని, చూసినట్టే చాలామందికి చెప్పాను.)

నేను ఆ ఊరు చేరడానికి కారణం నా చదువు. స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పాను. మూడోసారి కూర్చుంటానంటే మా నాన్న నా వంక చూసిన చూపులో పరీక్ష ఫీజు కనబడలేదు. నా ఈడు కుర్రాళ్ళు ఖద్దరు కట్టి, జెండాలు పట్టుకుని, దర్జాగా జైళ్ళకి వెళ్ళి వస్తున్నారు. నాకు అంత ధైర్యమూ లేదు. మామయ్యకు పిల్లల్లేరు. కరణీకం రేపు నాకే వస్తుందని మా అమ్మ ఆశ. అందుకని ఇరవయ్యో ఏట ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు, బోలెడంత తెలివీ వెంటబెట్టుకుని కొల్లేటిలో దిగాను. దిగిన పది రోజులకి మామయ్య పచ్చకామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. లెక్కల కట్టలు, ముద్రల పెట్టె నా చేతికి వచ్చాయి. ఆ సాయంత్రం అద్దంలో చూసుకుంటే నన్ను నేనే మీరు అనాలనిపించేలా కనిపించాను.

అంతలో పైనుంచి కాగితం వచ్చింది. ఆర్.ఐ. గారు మీ గ్రామంలో మకాం చేస్తారు, డేరాకి ఎత్తయిన చోట స్థలం శుభ్రం చేయించి ఉంచవలెను, అని. ఊళ్ళో ఎత్తయిన చోటు ఒకటే, మెరక. వెళ్ళి చూద్దును కదా, వేసవి గనక అక్కడ ఒక్క ఇల్లూ లేదు, మెరక నిండా మట్టి గడ్డలే. మూడేసి గడ్డలు ఒకచోట, మళ్ళీ నాలుగు బారల అవతల మూడేసి. కొన్ని మసిపట్టి, కొన్ని బీటలు వేసి, కొన్నిట్లో గడ్డి మొలిచి. పాత పొయ్యిలు. జనం ఎంత బద్ధకస్తులో చూడు, పొయ్యి పెట్టుకున్నవాళ్ళకి తీసి పారెయ్యడం కూడా చేతకాలేదు, అనుకున్నాను. కలిదిండి వైపునుంచి పనికోసం వచ్చిన కూలీలు ఇద్దరు దొరికితే గునపాలిచ్చి పని మొదలుపెట్టించాను. ఆ రోజు ఊళ్ళో మరొక మనిషి లేడు. ఎండాకాలం చివర మిగిలిన మడుగులో చేపల్ని ఊరంతా ఒకేరోజు కలిసి పట్టాలి, ఒకరు ముందుగా వల వేస్తే తప్పు. ఆడా మగా, పిల్లా జెల్లా అందరూ బుట్టలు తీసుకుని అక్కడికే పోయారు.

మరొక మనిషి లేడన్నాను గాని, ఒకరున్నారు. బాతుల మామ్మ. ఊళ్ళో అందరికీ ఆవిడ అదే పేరు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు, బాతులున్నాయి. తుమ్మచెట్టు నీడలో కూర్చుని, వాటికోసం నత్తలు చితక్కొడుతూ, నేను పొయ్యిగడ్డలన్నీ ఒక్కొక్కటే పెళ్ళగింపించి నీళ్ళగుంటలో పారబోయించడం మొదటినుంచి చివరిదాకా చూసింది. ఒక్క మాట అనలేదు. అన్నిటికన్నా పైన, మెరక నడినెత్తిన ఉన్న పొయ్యి మాత్రం గట్టిది, గడ్డి మొలిచినా లొంగలేదు. దాన్ని స్వయంగా నేనే గునపం పుచ్చుకుని పగలగొట్టాను. తరవాత ఊడ్పించి, కల్లాపి చల్లించి, డేరా గుంజలు ఎక్కడ పాతాలో సున్నంతో గీత గీశాను.

"ఎంత శుభ్రం చేసేశారండీ బాబుగారూ," అంది మామ్మ, నత్తలు కొట్టడం ఆపి. "అద్దంలాగుందండి. మీ మామయ్యగారి ఏలుబడిలో ఇన్నేళ్ళూ ఇంత పని అవలేదండి."

"ఏదో, నా చేతనైనంత," అన్నాను, పొంగిపోతున్నట్టు కనబడకుండా ఉండడానికి ఆ కాస్త వినయం చాలుననుకుని.

"నీడకొచ్చి కూకోండి బాబూ. వానాకాలం దాకా మీకు విశ్రాంతేనండి," అంది. అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. పొగడ్త మీద ఉన్నవాడికి మిగతా మాటలు అనవసరం.

పొద్దువాలి జనం మడుగునుంచి తిరిగొచ్చారు. చేపల బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు మెరక దగ్గర ఒక్కసారిగా ఆగిపోయారు. నేను మామయ్య ఇంటి ఎత్తరుగు మీదనుంచి చూస్తున్నాను, మెచ్చుకోడానికే ఆగారని. ఎప్పుడూ చేతిలో పడవ తోసే గెడ వదలని గెడ పెద్దాయన ఒకడున్నాడు, ఊరి పెద్ద. ఆయన గెడ నేలకు ఆనించి, చాలాసేపు చూసి, "ఏం జరిగిందే మామ్మా?" అని అడిగాడు.

"గేదెలండీ పెద్దాయనా," అంది మామ్మ, తడుముకోకుండా. "పై ఊళ్ళనుంచి మేతకొచ్చిన మంద. కొమ్ములు ఇంతేసున్నాయి. నేనొక్కదాన్ని, కర్రలేనిదాన్ని, ఏం చెయ్యగలను? తొక్కి తొక్కి వదిలిపెట్టాయి."

ఆడవాళ్ళు నెత్తిన బుట్టలు సర్దుకుని కదిలిపోయారు. ఈవిడకి మతి చెడిందనుకుని, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి మామయ్యతో చెప్పాను. మామయ్య పచ్చటి ముఖం తెల్లబడింది. (నమ్మండి, ఏ మందుకూ దిగని పచ్చదనం ఆ ఒక్క క్షణం దిగింది.)

"పొయ్యిగడ్డలు తీయించావా? అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి లేకుండా."

"ఒరేయ్, వరదొచ్చి మెరక ఎక్కినప్పుడు ఎవరి చోటు ఎక్కడో చెప్పేవి అవేరా. దిగిపోయేటప్పుడు పొయ్యి వదిలేసి దిగుతారు. ఒకళ్ళ పొయ్యి ఇంకొకళ్ళు ముట్టుకోరు. వాళ్ళ తాతలనాటినుంచి అంతే. నా కట్టల్లో ఉన్న కాగితం సర్కారు వాళ్ళు చూసుకోడానికి. ఊరు చూసుకునేది అది. నువ్వు ఈ ఊరి రికార్డు మొత్తం గుంటలో పారబోశావు."

నేను మళ్ళీ గుమ్మంలోంచి మెరక వంక చూశాను. మెరక అంటే పేరుకే మెరక, నున్నగా వాలుగా ఉంటుంది. పైనున్నవాడికి పొడి, కిందనున్నవాడికి తడి. అట్టడుగు చోటు ఎవరిదని అడిగితే మామయ్య నిట్టూర్చాడు. "బాతుల మామ్మది. ఏటా మూడు నెలలు మంచం కింద నీళ్ళు. ఇంకెవరిదవుతుంది? నడినెత్తి చోటు ఖాళీయే, ఆ ఇంటివాళ్ళు ఏలూరు వెళ్ళి తివాచీల పనిలో కుదిరి మూడు వానలయింది. అయినా పొయ్యి ఉంది గనక ఎవరూ ఎక్కరు. సరేగాని, నిన్నెవరైనా చూశారా?"

"బాతుల మామ్మ."

మామయ్య మళ్ళీ పడుకుని దుప్పటి కప్పుకున్నాడు. "అయితే ఇక ఈ ఇంట్లో మనం ఆవిడకి అద్దెకున్నట్టే," అన్నాడు లోపలినుంచి.

అద్దె మర్నాటినుంచే మొదలైంది. ఆర్.ఐ. గారు వచ్చారు, పడవ దిగలేదు. సున్నం గీతల్ని దూరంనుంచే చూసి, "ఇక్కడ జలగలుంటాయా?" అని అడిగారు. "ఉంటాయండి, మంచివేనండి," అన్నాడు గెడ పెద్దాయన. ఆర్.ఐ. గారు పడవలోనే కూర్చుని పుస్తకాల్లో సంతకాలు చేసి, పడవలోనే భోజనం చేసి, పడవలోనే వెళ్ళిపోయారు. ఆ పడవ ఇంకా కాలవ మలుపు తిరగలేదు, మామ్మ మా అరుగు దగ్గర నిలబడింది.

"బాబుగారూ, బాతులు తుంగలో దూరాయండి. నాకు మోకాళ్ళు నొప్పులండి. మీరు కుర్రవారు."

"నేనా?"

"కాకపోతే ఆ గేదెల్ని పిలవనాండి?"

వెళ్ళాను. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, కరణంగారి మేనల్లుణ్ణి, బురదలో నడుం దాకా దిగి, బాతుల వెనక. బాతు అనేది దూరంనుంచి చూస్తే తెలివితక్కువ పక్షి. దగ్గరికి వెళ్ళాక మనకే తెలివి తక్కువని తెలుస్తుంది. నేను కుడికి వెళితే అవి ఎడమకి, నేను ఎడమకి వెళితే అవి నా వెనక్కి. మామ్మ నాలుకతో చేసే ఒక చప్పుడుంది, అది విని విని మూడో రోజుకి నాకూ పట్టుబడింది. నెల తిరిగేసరికి ఊళ్ళో ఎక్కడ దగ్గినా బాతులు నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చేవి. ఒకనాడు ఏలూరునుంచి నాకు పిల్లనిస్తామని చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి పడవ దిగేసరికి నేను రెండు చేతులా రెండు బాతుల్ని, చంకలో మూడోదాన్ని పట్టుకుని ఎదురయ్యాను. ఆయన దారి అడిగాడు, చెప్పాను. అల్లుణ్ణి చూడకుండానే వెళ్ళిపోయాడని అత్తయ్య చాలా బాధపడింది.

బాతులతో ఆగలేదు. కలిదిండిలో ఉన్న తమ్ముడికి మామ్మ తరఫున ఉత్తరాలు రాయాలి. నులకమంచం బిగించాలి. గుడ్లు పెట్టని బాతుకి దిష్టి తీయాలి, మంత్రం నేనే కల్పించాలి. ప్రతి పనికీ ముందు ఆవిడ అదే మెత్తని మాట: "కుదరకపోతే వద్దులెండి బాబూ, నేనే పెద్దాయన్ని అడుగుతాను, ఎలాగూ ఆయనతో ఒక మాట చెప్పాలండి." నాకు కుదిరేది. ఊరివాళ్ళెవరూ నన్నొక మాట అడగలేదు. నేను బాతుల్ని తోలుకుపోతుంటే ఆడవాళ్ళు పక్కకి తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. గౌరవం అనుకున్నాను. గేదెలు మెరక మీదికి వచ్చి, పొయ్యిలు పెళ్ళగించి, ఊడ్చి, కల్లాపి చల్లి, సున్నంతో తిన్నగా గీత కూడా గీసి వెళ్ళాయని ఊరు నమ్మిందని నేను నమ్మాను.

శ్రావణం వచ్చింది. మూడు రోజులు ముసురు పట్టి, నాలుగోనాడు తెల్లారేసరికి పల్లంలో ఇళ్ళ గడపలకి నీరు తగిలింది. కప్పులన్నీ దోనెలెక్కి మెరక చుట్టూ చేరాయి. దిగడానికి మాత్రం ఎవరూ దిగలేదు. ఎక్కడ దిగాలి? ముందు ఆడవాళ్ళు దిగారు. చీరలు బిగించి, వేళ్ళతో నేల గీరడం మొదలెట్టారు. పొయ్యి పోయినా దానికింద ఏళ్ళతరబడి కాలిన మట్టి పోదు కదా. "ఇదిగో, పిడకల బూడిద, ఇది మాది," అని ఒకావిడ. "కిక్కిస కాల్చిన మసి మాది," అని ఒకావిడ. నత్తగుల్లలు దొరికిన చోటు ఎవరూ తమదనలేదు, అది అట్టడుగున, మామ్మది. నేను గునపంతో చెరిపిన హద్దుల్ని వాళ్ళు గోళ్ళతో తిరిగి రాసుకుంటుంటే, కామెర్లు తగ్గి లేచిన మామయ్య పక్కన గొడుగు కింద నిలబడి చూస్తున్నాను. తెలివైనవాళ్ళని చూస్తే కలిగే కోపం ఒకటుంటుంది, అది కలిగింది.

చివరికి నడినెత్తి చోటు మిగిలింది. మామ్మ తన అట్టడుగు చోటు వైపు చూడనైనా చూడకుండా, బాతుల గంప ఎత్తుకుని సరాసరి పైకెక్కి కూర్చుంది.

"ఇది మా అత్తగారి పొయ్యి," అంది.

ఏడుగురి తండ్రి అని ఒకాయన ఉన్నాడు. ఏడుగురూ ఒకే పడవలో, ఒకరి మీద ఒకరు. ఆయన చోటు మధ్యలో, పొడే గాని ఇరుకు. "నీది కింద కదే మామ్మా," అన్నాడాయన. "ఏటా నీ మంచం కింద చేపలు తిరుగుతుంటే మేం చూళ్ళేదా?"

"తిరిగితే తిరిగాయిలే. ఒక్కటైనా నా పులుసులోకి వచ్చిందేంట్రా?"

"పైది ఏలూరు వెళ్ళినోళ్ళది. వాళ్ళు రానప్పుడు నా పిల్లలకి ఇవ్వాలి గాని, బాతులకా?"

"మీలో మీరు తేల్చుకునేది కాదు," అని గెడ పెద్దాయన గెడ ఎత్తాడు. "మామ్మా, అక్కడ నీ పొయ్యి ఉందని చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరండి? బాబుగారున్నారు. ఎండల్లో ఆయనొక్కరే మెరకంతా తిరిగారండి. ఏ పొయ్యి ఎక్కడుందో ఆయనకంటే ఎవరికీ తెలీదండి."

ఊరంతా నా వైపు తిరిగింది. మామయ్య మేఘాల్ని చూడ్డంలో మునిగిపోయాడు. ఒక్క అబద్ధం చాలు, ఆవిడకి పొడిచోటు, నాకు పరువు. నోరు తెరిచాను. కింద ఆ నత్తగుల్లల చోటుని అప్పుడే నీరు నాకుతోంది. పైన ఆవిడ చేతులు గంప తాడుని విప్పుతున్నాయి, మళ్ళీ ముడేస్తున్నాయి. నాతో అన్నాళ్ళు అంత ధీమాగా మాట్లాడిన మనిషి చేతులు. ఆ చేతులు చూశాక ఎందుకో అబద్ధం పెదాల దగ్గర ఆగి, నిజం దాని పక్కనుంచి దూరి బయటికి వచ్చేసింది.

"గేదెలు కాదండి," అన్నాను. "పొయ్యిలు పగలగొట్టించింది నేను. మామ్మ నన్ను కాచింది, అంతే. తెలియక చేశాను."

ఏడుగురు పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మరేనండి," అన్నాడు గెడ పెద్దాయన.

"మరేనంటే?"

"తెలుసండి. ఆ కూలోళ్ళిద్దరూ ఆ వారమే కలిదిండి సంతలో చెప్పేశారండి. ఎండుచేపలు అమ్ముకోడానికెళ్ళిన మావాళ్ళందరూ విన్నారండి."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"మీరే చెప్తారేమోనని చూశామండి. చెప్పడానికి వానలదాకా పట్టిందండి. ఈలోగా మామ్మకి బాతులు తోలేవాళ్ళు కూడా కావాల్సొచ్చారు కదండీ."

అప్పుడు నవ్వారు. కొంగులు అడ్డం లేకుండా, దోనెలు ఊగేటట్టు. మామయ్య కూడా నవ్వాడు, ఆయనకీ ఎప్పటినుంచో తెలుసుననీ, నా చేత పనిచేయించే ఉపాయం ఇంకొకటి ఆయనకి తోచలేదనీ తరవాత తెలిసింది. నేను తలెత్తకుండా నిలబడ్డాను. అలా నిలబడగా గెడ పెద్దాయన ఊరి కట్టుబాటు చెప్పాడు. పొయ్యి పగిలినవాళ్ళు పెట్టుకోకూడదు. పగలగొట్టిన చెయ్యే పెట్టాలి.

ముప్పై చిల్లర పొయ్యిలు. వానలో, బురద తెచ్చి, గడ్డి కలిపి పిసికి, గడ్డలు చేసి, మూడేసి చొప్పున. ఆడవాళ్ళు చుట్టూ చేరి నేర్పారు. "అటు కాదండి బాబూ, కుండ పడిపోద్ది." "మీ అత్తయ్యగారికి చూపించకండి, ఇంట్లో కూడా మీకే అప్పజెప్తారు." మధ్యాహ్నమయ్యేసరికి నేనొక పొయ్యిలా తయారయ్యాను. ఆఖరున మిగిలింది నడినెత్తిది. దగ్గరే గంప ఒళ్ళో పెట్టుకుని మామ్మ కూర్చునే ఉంది, కదలమని ఎవరూ అనలేదు, ఆవిడా ఇప్పుడేమీ అడగడం లేదు. ముద్ద చేతిలోకి తీసుకున్నాను.

"ఇది ఎవరిదండి బాబూ?" అన్నాడు గెడ పెద్దాయన. అడగడం కట్టుబాటు. ప్రతి పొయ్యికీ అడిగాడు, ప్రతి పొయ్యికీ ఆడవాళ్ళు గుర్తుపట్టినట్టే నేను చెప్పాను.

"బాతుల మామ్మదండి. వాళ్ళ అత్తగారిది. పగలగొట్టింది స్వయంగా నేను, నాకు బాగా గుర్తు."

ఏడుగురి తల్లి, అంతసేపూ మాట్లాడనావిడ, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇందాకేగదండీ బాబుగారు నిజం చెప్పింది. పూటకొక నిజమే కాబోలండి."

"పెట్టిన చెయ్యి చెప్పిందే మాట," అన్నాడు పెద్దాయన, ఎవరి ముఖమూ చూడకుండా. "ఏలూరోళ్ళొస్తే?"

"వస్తే నేను దిగిపోతానండి," అంది మామ్మ. "పొయ్యి వాళ్ళదేనని ఈ నోటితోనే చెప్తాను."

ఏడుగురి తండ్రి తన కప్పు దింపుకుంటూ, "వాన పెద్దదైతే పిల్లల్ని నీ దగ్గర పడుకోబెడతానే మామ్మా," అన్నాడు.

"అయిదుగుర్ని పంపించు. ఆ ఆఖరివాళ్ళిద్దరూ గుడ్లు దొంగిలిస్తారు."

ఏలూరువాళ్ళు రాలేదు. మామ్మ బతికినన్నాళ్ళూ ఆ చోటులోనే వానాకాలాలు గడిపింది. చిక్కల్లా ఏమిటంటే, అప్పటికి నా చేతులు పడిపోయి, ఆ ఒక్క పొయ్యి పడమటికి ఒరిగింది. కుండ ఒరిగేది, అన్నం ఒక పక్క మెత్తగా, ఒక పక్క పలుకుగా ఉడికేది. చిటికెడు బురద పెడితే సరిపోయేది గాని ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వేరే చెయ్యి తగిలితే చోటు మారిపోతుందని ఆవిడ భయం. నేను కరణాన్నయి, పడవ మీద ఆ పక్కగా వెళుతుంటే పైనుంచి కేక వేసేది: "ఏవండీ బాబుగారూ, ఇవాళ కూడా తూర్పు పక్క పలుకేనండి." పడవలో ఉన్న కొత్త అధికారులు ఇదేం భాష అని నన్ను అడిగేవారు. పంట వివరం చెబుతోందండి, అనేవాణ్ణి.

ఇప్పటికీ మా ఇంట్లో ఎప్పుడైనా అన్నం పలుకైతే మా ఆవిడ నా ముఖం చూస్తుంది, ఏమంటానోనని. ఏమీ అనను. తూర్పు ఎటో చూసుకుని, ఆ వైపు ముద్ద ముందు కలుపుకుంటాను. ఎందుకు నవ్వుతున్నారని అడుగుతుంది. ఏదో ఒకటి కల్పించి చెబుతాను.